సర్ ఆల్బర్ట్ హోవర్డ్

మన ఆదిలాబాదు, కరీంనగరు రేగడి చేలలో పత్తి ఏరుట ముగిసిన పిదప పత్తికట్టెను కాల్చివేయుట మనము చూచుచున్నదే. ఈ కట్టె విలువనెరిగిన శాస్త్రజ్ఞుడు హోవర్డ్. 1873లో ఇంగ్లండున రైతు యింట జన్మించి, 1905లో బీహారులోని పూసా పరిశోధనాలయమునకు వచ్చి, 1924 నుండి 1931 వరకు ఇండోరు (మన ఇందూరు కాదు) నల్లరేగడిలో కృషి సల్పిరి.

కట్టెను బండ్లబాటపై పరపించి చక్రములక్రింద నలిపించి, పశువులక్రింద వేయించి, పేడ, మూత్రము తడిసిన మట్టి, బూడిదలతో కుప్పగా పేర్పించిరి. కట్టెను అట్లే దున్నినచో సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే గుంజుకొనును; పైరు పాలిపోవును. కుప్పలోనైతే నత్రజనికి 33 రెట్లున్న కర్బనము మూడు నెలలలో సుమారు 10 రెట్లకు దిగి, ఎరువు సిద్ధమగును.

ఈ కృషిలో సగపాలుగల సతీమణి గేబ్రియల్ 1930లో మరణించిరి. మరుసటియేట గ్రంథము వెలువడినది. రసాయనపుటెరువులపై ఆయన పిదప సాగించిన వాదము కొంత మితిమీరినదని మేము తలంతుము; కుప్పలెక్క మాత్రము నేటికిని చెల్లుచున్నది. 1947లో హోవర్డ్ గతించిరి.