నరాన్ని నిద్రపుచ్చిన సర్జన్

భుజానికి ఆపరేషన్ అంటే ఇప్పుడు చాలామందికి మెడ పక్కన ఒక ఇంజెక్షన్ ఇస్తారు. చేతికి వెళ్లే నరాల కట్ట మొద్దుబారి, ఆపరేషన్ తర్వాత కూడా కొన్ని గంటలు నొప్పి తెలియదు. దీనికి మొదట దారి వేసినవారిలో ముఖ్యుడు విలియం హాల్‌స్టెడ్.

1852లో న్యూయార్క్‌లో ఓ సంపన్న కుటుంబంలో పుట్టాడు. యేల్‌లో పుస్తకాల కంటే ఫుట్‌బాల్ మీదే ధ్యాస. చివరి ఏడాదిలో అనాటమీ పుస్తకం పట్టాక మనసు మారింది. 1877లో డాక్టరై, ముప్పై దాటేసరికి పేరున్న సర్జన్ అయిపోయాడు.

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే కుర్ర డాక్టర్ కొకైన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చాడు. ఈ వార్త చదివిన హాల్‌స్టెడ్‌కు ఒక ఆలోచన వచ్చింది. మందును సూదితో నేరుగా నరం దగ్గరికే పంపితే? ఆయనా, తోటి డాక్టర్లూ, విద్యార్థులూ ఒకరికొకరు ఇంజెక్షన్లు ఇచ్చుకున్నారు. దవడ నరం మొద్దుబారింది. మెడ దగ్గర కోసి, చేతి నరాల కట్టకూ మందు ఎక్కించారు. నరాన్ని ఒక్కచోట అడ్డుకుంటే చాలు, దాని పరిధి అంతా నొప్పి ఉండదని తేలింది.

కానీ కొకైన్ ఎంతగా పట్టేస్తుందో అప్పటికి వాళ్లకి తెలీదు. 1885లో ఆయన అచ్చు వేయించిన వ్యాసంలో వాక్యం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో అర్థం కాదు! సహచరుల్లో కొందరు కోలుకోనేలేదు. ఆయన్ని ప్రావిడెన్స్‌లోని బట్లర్ ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ కొకైన్‌కు బదులు మార్ఫిన్ పట్టుకుంది.

న్యూయార్క్ కెరియర్ ముగిసిపోయింది. మిత్రుడు విలియం వెల్చ్ బాల్టిమోర్‌కు పిలిచి తన ల్యాబ్‌లో చోటిచ్చాడు. 1889లో తెరిచిన జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో త్వరలోనే చీఫ్ సర్జన్ అయ్యాడు. పాత దూకుడు పోయింది. నెమ్మదిగా, రక్తం వృథా కాకుండా ఆపరేషన్ చేసేవాడు. క్రిమిసంహారక మందులకు నర్సు కరోలిన్ హాంప్టన్ చేతులు పాడవుతుంటే గుడియర్ కంపెనీతో పల్చని రబ్బరు గ్లవ్స్ చేయించాడు. తర్వాత ఆమెనే పెళ్లాడాడు. మెడిసిన్ చదివేవారు చేసే రెసిడెన్సీ ఉంది కదా, అమెరికాలో సర్జరీకి దాన్ని పద్ధతిగా నిలబెట్టింది కూడా ఆయనే.

ఇప్పుడు కొకైన్ లేదు, అల్ట్రాసౌండ్‌లో నరాన్ని చూస్తూ సూది వేస్తారు. మెడ పక్కన ఇచ్చే ఇంటర్‌స్కేలిన్ బ్లాక్ నొప్పిని బాగా తగ్గిస్తుంది. అయితే ఊపిరి కండరానికి వెళ్లే నరాన్నీ మొద్దుబార్చవచ్చు. అందుకే ఊపిరితిత్తుల జబ్బున్నవారికి భుజం వెనక ఇచ్చే సుప్రాస్కేపులర్ బ్లాక్ వైపు మొగ్గుతారు.

హాల్‌స్టెడ్ 1922లో చనిపోయాడు. సహోద్యోగి విలియం ఆస్లర్ గుట్టుగా రాసిపెట్టిన నోట్స్ 1969లో వెలుగులోకి వచ్చాయి. చీఫ్ సర్జన్‌గా ఉన్న రోజుల్లోనూ మార్ఫిన్ ఆయన్ని వదల్లేదని లోకానికి తెలిసింది అప్పుడే.