బూజులో దొరికిన పాచకం

తిన్న అన్నం అరగడం ఎంతటి మహాకార్యమో అరగనినాడు గాని మనకు తెలియదు. అగస్త్యుడు వాతాపిని జీర్ణం చేసుకొన్న కథను మనవారు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. పసిబిడ్డకు పాలు పట్టి పొట్ట నిమిరే తల్లులు నేటికీ ఆ రాక్షసుణ్ణి తలచుకొంటారు. ప్రాచీనులు జఠరాగ్ని అని పేర్కొన్న శక్తి వెనుక ఎంజైములనే సూక్ష్మ పదార్థాలున్నాయని పందొమ్మిదో శతాబ్దపు శాస్త్రజ్ఞులు గుర్తించారు. అట్టి ఎంజైమును బూజు నుండి రాబట్టి రోగులకు ఔషధంగా అందించిన మేధావి జపాను దేశీయుడైన జొకిచి తకమినె.

ఆయన 1854 నవంబరు 3న తకఓకా పట్టణంలో జన్మించాడు. తండ్రి సంస్థాన వైద్యుడు. తల్లి సాకే అనే బియ్యపు మద్యాన్ని తయారుచేసేవారి ఇంటి ఆడపడుచు. ఈ రెండు కుటుంబాల విద్యలూ కుమారుని జీవితంలో ఒకచోట కలిశాయి. సాకే తయారీలో ఉడికించిన బియ్యంపై ఒక జాతి బూజును పెంచుతారు. దానిని కోజి అంటారు. ఆ బూజులోని ఎంజైము బియ్యంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుంది. పాశ్చాత్యులు ఇదే పనికి మొలకెత్తించిన బార్లీని వాడేవారు.

టోక్యోలో ఇంజనీరింగు విద్య ముగించి, 1880లో గ్లాస్గో వెళ్ళి, మూడేళ్ళు రసాయన శాస్త్రం అభ్యసించాడు. 1884లో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ ప్రదర్శనకు ప్రభుత్వ ప్రతినిధిగా వెళ్ళినప్పుడు కరోలిన్ హిచ్ అనే యువతి పరిచయమైంది. 1887లో వారి వివాహం జరిగింది. ఆ దంపతులు కొంతకాలం టోక్యోలో ఎరువుల కర్మాగారం నడిపి, 1890లో అమెరికాకు తరలిపోయారు.

అక్కడ విస్కీ తయారీలో బార్లీ మొలకలకు బదులు గోధుమపొట్టుపై పెంచిన కోజిని వాడవచ్చునని తకమినె నిరూపించదలచాడు. ఇది చౌక, త్వరితం. పియోరియా పట్టణంలోని మద్య వ్యాపారులు ఆయనను ఆహ్వానించారు. మొలకధాన్యం అమ్ముకొని బతికేవారు మాత్రం కత్తిగట్టారు. వారి కోపంలో న్యాయం లేకపోలేదు, అది వారి కూడు. 1891లో ఆయన ప్రయోగాలకు నెలవైన కట్టడం అగ్నికి ఆహుతి అయింది. ఎవరైనా నిప్పు పెట్టారా అన్నది తేలలేదు. అంతలోనే కాలేయ వ్యాధి ఆయనను మంచాన పడవేసింది. కరోలిన్ ఆయనను రైలులో షికాగో తీసుకొనివెళ్ళి చికిత్స చేయించి బతికించుకొన్నది. ఆ ఇల్లాలు లేనినాడు ఈ చరిత్ర అక్కడే ఆగిపోయేది.

మద్యానికి పనికిరాకుండాపోయిన బూజు వైద్యానికి అక్కరకు వచ్చింది. పిండిని చక్కెరగా మార్చే ఎంజైము కడుపులో ఆ పనినే చేయదా అని ఆయన ఆలోచించాడు. మన ఉమ్మిలోనూ అటువంటి ఎంజైమే ఉన్నది. అది అన్నంపై పని మొదలుపెడుతుంది, జఠరంలోని ఆమ్లం తగలగానే చల్లబడుతుంది. అక్కడ మాంసకృత్తుల పని పెప్సిన్‌ది. మిగిలిన పిండిని చిన్నప్రేగులో క్లోమరసం చూసుకొంటుంది. గోధుమపొట్టు కోజి నుండి తీసిన పొడికి తకమినె తన పేరు కలిపి తకడయాస్టేజ్ అని నామకరణం చేశాడు. 1894లో ఆ విధానానికి అమెరికా పేటెంటు లభించింది. పార్క్ డేవిస్ సంస్థ ఆ మందును ఊరూరా అమ్మింది. జపానులో దాని విక్రయానికి పుట్టిన సాంక్యో సంస్థ 1913లో పెద్ద కంపెనీగా రూపొందినప్పుడు ఆయనే తొలి అధ్యక్షుడు.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. అజీర్ణమూ పులితేన్పులూ ఒకటి కావు. అన్నవాహిక అడుగున ఉండే కండరపు బిగువు సడలితే ఆమ్లం పైకి ఎగదన్ని ఛాతీలో మంట పుడుతుంది. డయాస్టేజ్ ఆమ్లాన్ని తగ్గించదు, సడలిన కండరాన్ని బిగించదు. భోజనానంతరం కలిగే బరువు కొందరికి తగ్గితే ఆ మేరకు ఉపశమనం కలగవచ్చు. నేటికీ మన మందుల దుకాణాల్లో జీర్ణానికని అమ్మే కొన్ని సీసాలపై ఫంగల్ డయాస్టేజ్ అన్న పేరు కనిపిస్తుంది. విద్యార్థులు ఒకసారి చదివి చూడవచ్చు.

ఈ మందు సాహిత్యంలోకీ ప్రవేశించింది. నత్సుమె సోసెకి 1905లో ఆరంభించిన పిల్లి చెప్పే కథ అనదగిన నవలలో, కడుపునొప్పి ఉపాధ్యాయుడు తకడయాస్టేజ్ మింగుతుంటాడు. పాపం, ఆ రచయిత 1916లో జఠరవ్రణంతోనే మరణించాడు.

1900లో తకమినె, సహాయకుడు కెయిజో ఉఎనకతో కలిసి అడ్రినలిన్‌ను శుద్ధ స్ఫటికరూపంలో వేరుచేశాడు. లోకం ఆయనను ఎక్కువగా స్మరించేది ఇందుకే. అయితే గంటల తరబడి శ్రమించిన సహాయకుని పేరు అంతగా వినిపించకపోవడం విచారకరం.

వాషింగ్టన్ నగరానికి చెర్రీ చెట్లు బహూకరించే యత్నానికి ఆయన ధనసహాయం చేశాడు. 1910లో వచ్చిన 2,000 మొక్కలకు చీడ పట్టినందున అధికారులు తగులబెట్టించారు. 1912లో మరల 3,020 మొక్కలు వచ్చాయి, అవి వేళ్ళూనాయి. మూడు దశాబ్దాలకు పైగా అమెరికాలో నివసించినా ఆనాటి చట్టాలు జపానీయునికి ఆ దేశ పౌరసత్వం ఇవ్వలేదు. తకమినె 1922 జులై 22న న్యూయార్కులో కన్నుమూశాడు. అక్కడి వుడ్‌లాన్ శ్మశానవాటికలోనే ఆయన సమాధి ఉన్నది.