దీపం వెనకాల లెక్కల పుస్తకం

మా అక్క కూతురు నర్సింగ్ రెండో సంవత్సరం. మా ఇంట్లోనే ఉండి చదువుకుంటోంది. మొన్న మే నెలలో డ్యూటీ నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుంది గానీ ముద్ద ఎత్తలేదు. వడదెబ్బతో వచ్చిన కూలీ ఒకాయన దాని కళ్లముందే పోయాడట. ఏటేటా ఎండలిలా ముదిరిపోతుంటే మేం ఎన్ని సెలైన్లు ఎక్కించి ఏం లాభం పిన్నీ అంది. పర్యావరణం గురించి పాఠం కూడా ఉందట. అది చదివాక ధైర్యం రాకపోగా భయం పట్టుకుందట. నాకేం చెప్పాలో తోచలేదు.

ఆ పాఠంలో మొదటి పేరు ఫ్లోరెన్స్ నైటింగేల్‌దే. ఆవిడంటే మనకి చేతిలో దీపమే గుర్తొస్తుంది. లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చి చదివితే వేరే మనిషి కనబడింది.

1820 మే 12న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో పుట్టిందావిడ. ఊరి పేరే పెట్టారు. బాగా కలిగిన ఇంగ్లీషు కుటుంబం. నర్సునవుతానంటే ఇంట్లో ససేమిరా అన్నారు. ఆ రోజుల్లో ఆ పనంటే అక్కడా చులకనే. వచ్చిన మంచి సంబంధం కూడా కాదనుకుంది. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వర్త్ వెళ్లి పని నేర్చుకుంది.

1854లో క్రిమియా యుద్ధం. 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారి సైనికాసుపత్రికి చేరింది. కట్టడం కింద మురుగు కాలవలు పూడిపోయి ఉన్నాయి, గాలి ఆడదు. రాత్రింబవళ్లు కష్టపడింది. అయినా ఆ చలికాలం జనం రాలిపోయారు. 1855 ఫిబ్రవరిలో చావులు నూటికి 40 దాటాయి. గాయాల కన్నా జ్వరాలు, విరేచనాలే ఎక్కువమందిని తీసుకుపోయాయి. మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుద్ధ్య బృందం వచ్చి కాలవలు కడిగించి, గాలి వచ్చేలా చేసింది. జూన్‌కల్లా చావులు నూటికి రెండుకి దిగాయి.

1856లో ఇల్లు చేరేసరికి దేశమంతా ఆవిణ్ణి దేవతలా చూస్తోంది. తర్వాత విలియం ఫార్ అనే లెక్కల నిపుణుడితో కూర్చుని చావుల పట్టికలు విప్పింది. తిండి చాలక, అలసిపోయి పోయారని అప్పటిదాకా నమ్మింది. అసలు శత్రువు మురుగూ, ఉక్కిరిబిక్కిరి గదులూ. పైగా ఎక్కువమంది పోయింది తను కాపలా ఉన్న ఆసుపత్రిలోనే! ఈ పేజీ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అది తెలిశాక ఆవిడకి నిద్రెలా పట్టిందో?

1857 నుంచి జబ్బుతో చాలాకాలం మంచానికే అతుక్కుపోయింది. క్రిమియాలో అంటుకున్న జ్వరమే కారణమంటారు. కానీ ఆ మంచం మీద నుంచే పని సాగింది. చావుల లెక్కల్ని మంత్రులకి కూడా అర్థమయ్యేలా రంగుల చక్రాలుగా గీయించింది. 1859లో వచ్చిన నర్సింగ్ పుస్తకంలో ఇంటికి కావలసినవి ఐదు చెప్పింది: మంచి గాలి, మంచి నీళ్లు, మురుగు పారుదల, శుభ్రత, వెలుతురు. 1860లో లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల బడి మొదలైంది. సూక్ష్మజీవుల సంగతి మాత్రం ఆవిడ చాలాకాలం ఒప్పుకోలేదు. అంతటావిడకీ ఒక మొండితనం!

మన దేశానికి ఎప్పుడూ రాలేదు. అయినా ఇక్కడి దండులన్నిటికీ ప్రశ్నల కాగితాలు పంపించి జవాబులు రప్పించింది. ఇంగ్లీషు సైనికులు ఏటా వెయ్యికి 69 మంది పోతున్నారని 1863 నివేదికలో తేలింది. సైనికులతో మొదలైన ఆలోచన పల్లెల దాకా పాకింది. 1876-78 మద్రాసు కరువుకి మన తెలుగు జిల్లాలూ ఎండిపోయాయి. నీటి కాలవలు తవ్వమని ఆవిడ పోరింది. ఆ విషయంలో ఆవిడకి స్నేహితుడూ, సలహాదారూ ఎవరనుకున్నారు? ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొర! గోదావరి దానినైన నాకు ఈ సంగతి ఇన్నాళ్లూ తెలీదంటే సిగ్గేసింది. అడిగినవాటిలో చాలా భాగం దొరలు చెయ్యలేదు. అయినా ముసలితనం వరకూ ఉత్తరాలు రాస్తూనే ఉంది. 1910 ఆగస్టు 13న, 90వ ఏట కన్నుమూసింది.

ఇదంతా మా పిల్లకి చెప్పాను. స్కుటారి లెక్కల దగ్గర అదీ మాట్లాడలేదు. మర్నాడు నా చాకలిపద్దు నోటుబుక్కులో మిగిలిన కాగితాలు అడిగి పట్టుకెళ్లింది. వడదెబ్బతో వచ్చినవాళ్లు ఏ పని చేస్తుండగా పడిపోయారు, ఎన్ని గంటలకి, ఇంటికి రేకులా, పెంకులా, తాగడానికి నీళ్లున్నాయా అని రాస్తోంది. పేర్లు రాయదు. నిన్నటికి పదకొండు వరసలయ్యాయి. అందులో ఏడు రేకుల ఇళ్లేనట.