రూపాబాయి ఫర్దూన్జీ

క్రీ.శ. 1885వ సంవత్సరంలో హైదరాబాదు వైద్య పాఠశాలలో ఐదుగురు యువతులు విద్యార్థినులుగా చేరారు. అంతవరకు అక్కడ పురుషులే చదువుకుంటూ వచ్చారు. ఆ ఐదుగురిలో ఒకరు పార్శీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఫర్దూన్జీ. శస్త్రచికిత్సకు ముందు రోగికి మత్తు ఇచ్చే విద్యను అభ్యసించి, దానినే జీవితవృత్తిగా స్వీకరించిన తొలి మహిళగా వైద్యచరిత్ర రచించినవారు ఈమెను పేర్కొంటారు.

గణితగ్రంథానికి లీలావతి అని స్త్రీ పేరు పెట్టుకున్న దేశం మనది. అయినా ఆ గణితాన్ని అభ్యసించే అవకాశం స్త్రీలలో ఎందరికి దక్కిందని ప్రశ్నిస్తే సమాధానం చెప్పడం కష్టం. విదేశాల స్థితి కూడా మెరుగ్గా లేదు. స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయంలో 1869లో సోఫియా జెక్స్ బ్లేక్, ఆమె సహాధ్యాయినులు వైద్యవిద్యకు చేరగా, మరుసటి సంవత్సరం పరీక్షకు వెళ్తున్న వారిని అల్లరిమూకలు అడ్డగించి బురద చల్లాయి. చివరకు వారికి పట్టాలు దక్కలేదు. మన దక్షిణాదిన మద్రాసు వైద్య కళాశాల 1875లో నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. దానికి పదేళ్ల తరువాత హైదరాబాదు ఆ బాట పట్టింది.

ఇక్కడ ఆ అవసరం మరింత తీవ్రమైనది. గోల్కొండ మంత్రి మాదన్న పేరును నేటికీ నిలుపుకొన్న మాదన్నపేట, చార్మినారు పరిసరాలలోని మొహల్లాలు మూసీకి దక్షిణాన ఉన్నాయి. అక్కడివారు అఫ్జల్‌గంజ్ ఆసుపత్రికి రావాలంటే నది దాటాలి. పరదా పాటించే ఇంటి ఇల్లాలికి నది దాటడం పెద్ద కష్టం కాదు. పరపురుషుడైన వైద్యుని ఎదుట కూర్చోవడమే కష్టం. స్త్రీ వైద్యులు లేకపోవడమంటే అటువంటివారికి వైద్యమే లేకపోవడం.

ఆ యువతులు చేరిన కాలంలో పాఠశాలకు అధ్యక్షుడు డాక్టర్ ఎడ్వర్డ్ లారీ. ఆయన ఎడింబరోలో చదివినవాడు. 1847లో సింప్సన్ క్లోరోఫారాన్ని మత్తుమందుగా ప్రవేశపెట్టిన నగరం అదే. క్లోరోఫారం శస్త్రచికిత్సలోని భయంకరమైన బాధను తొలగించింది కాని, అప్పుడప్పుడు రోగుల ప్రాణాలనూ తీసింది. అది మొదట గుండెను ఆపుతుందా, లేక శ్వాసను ఆపుతుందా అన్నది ఆనాటి వైద్యలోకాన్ని రెండు పక్షాలుగా చీల్చిన వివాదం. శ్వాసనే కనిపెట్టుకొని ఉండాలని లారీ పక్షం వాదించింది.

రూపాబాయి నేర్చుకొన్నది ఈ పనినే. రోగి ముఖంపై ఉంచిన వస్త్రానికి మందును అందిస్తూ, ప్రతి ఊపిరినీ గమనిస్తూ, మోతాదు మించకుండా, శస్త్రవైద్యుడు పని ముగించే వరకు చూపు మరల్చకుండా నిలబడాలి. కత్తి పట్టినవానికి పేరు వస్తుంది. ప్రాణం మాత్రం తలవైపు నిలిచినవారి చేతిలో ఉంటుంది. 1889లో ఆమె హకీం పట్టాతో ఉత్తీర్ణురాలయ్యారు.

ఆమె విద్యార్థిదశలోనే ఆ వివాదాన్ని తేల్చడానికి 1888లో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ ఏర్పడింది. దాని నిర్ణయాన్ని లండనులోని లాన్సెట్ పత్రిక అంగీకరించలేదు. అప్పుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లు ఇచ్చి, 1889లో లండను నుండి డాక్టర్ లాడర్ బ్రంటన్‌ను రప్పించారు. నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు జరిగాయి. ఈ రెండు కమిషన్ల కృషిలోనూ రూపాబాయి పాలుపంచుకొన్నారు. శ్వాసే ముందు ఆగుతుందని రెండవ కమిషన్ కూడా తేల్చింది. అయితే, మత్తు పలుచగా ఉన్న దశలో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. కమిషన్ నిర్ణయం పూర్ణసత్యం కాలేదు. శ్వాసను ఏమరక గమనించాలన్న దాని హెచ్చరిక మాత్రం వృథా కాలేదు.

విచిత్రమేమంటే, రూపాబాయి ఆసుపత్రిలో రోగుల ఊపిరిని లెక్కిస్తున్న ఆ కాలంలోనే, స్త్రీ మేధ విజ్ఞానానికి తగదని పాశ్చాత్య పండితులు గ్రంథాలు రాస్తున్నారు. చదువుల శ్రమ ఆడపిల్లల ఆరోగ్యాన్ని చెరుస్తుందని బోస్టన్ వైద్యుడు ఎడ్వర్డ్ క్లార్క్ 1873లో ప్రకటించాడు. స్త్రీల మెదడు బరువు తక్కువ కనుక బుద్ధిబలమూ తక్కువేనని రొమేన్స్ 1887లో వాదించాడు. ఇటువంటి మాటలను త్రాసులో పెట్టి తూచినవారు లీటా హాలింగ్‌వర్త్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. నెలసరి రోజులలో స్త్రీల పనితీరు దిగజారుతుందన్న నమ్మకాన్ని పరీక్షించి, దానికి ఆధారం లేదని ఆమె 1914లో చూపారు. మేధావులు పురుషులలోనే పుడతారన్న వాదానికి ఆధారంగా చూపే వైవిధ్యం శిశువులలో ఉందేమోనని, వెయ్యిమంది మగశిశువుల, వెయ్యిమంది ఆడశిశువుల కొలతలను పరిశీలించి, మగశిశువులలో అటువంటి ఆధిక్యం లేదని తేల్చారు. రూపాబాయి అటువంటి వాదాలకు దిగినట్లు కనబడదు. ఆమె చేసినదల్లా, ప్రతి ఉదయం ఆసుపత్రికి వెళ్లి, తప్పు జరిగితే ప్రాణం పోయే పనిని తప్పు లేకుండా చేయడమే.

రెసిడెన్సీ ఆసుపత్రి, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, విక్టోరియా జనానా ఆసుపత్రి ఆమె సేవలు పొందాయి. 1908 సెప్టెంబరులో మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని నేలమట్టం చేసింది. మరుసటి సంవత్సరం, అంటే 1909లో, అనిబిసెంట్ ప్రోత్సాహంతో రూపాబాయి ఉన్నత విద్యకై ఎడింబరోకు పయనమయ్యారు. 1894 వరకు స్త్రీలకు వైద్యపట్టం ఇవ్వని విశ్వవిద్యాలయం అది! మత్తువైద్యానికి ప్రత్యేక శిక్షణ అప్పటికి అక్కడ లేదు. ఆ వృత్తికి ఆధారమైన వాయువుల గుణాలు, ద్రవాలు ఆవిరయ్యే తీరు తెలియాలంటే భౌతిక, రసాయనశాస్త్రాలే మార్గం. ఇరవై ఏళ్ల అనుభవం గడించిన వైద్యురాలు తిరిగి విద్యార్థినిగా కూర్చొని ఆ రెండు శాస్త్రాలను అభ్యసించి డిప్లొమా పొందారు.

స్వస్థలానికి తిరిగివచ్చి రూపాబాయి మళ్లీ తమ వృత్తిలో నిమగ్నమయ్యారు. అనంతరం చాదర్‌ఘాట్ ఆసుపత్రి పర్యవేక్షకురాలిగా బాధ్యతలు నిర్వహించి, 1920లో పదవీ విరమణ చేశారు.