మంచుగుహలో ఒంటరివాడు: అడ్మిరల్ బర్డు చరిత్రము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన యీ సమయమున సంచికకై ఒక మహాపురుషుని జీవితమును వ్రాయుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రాజులను గూర్చియు కవులను గూర్చియు వ్రాయుటకు నాకంటె సమర్థులు పెక్కురు కలరు. నేను లెక్కలు వ్రాసికొని బ్రతుకువాడను. కావున, దినదినము లెక్క తప్పక వ్రాసిన యొక నావికుని కథను ఎన్నుకొంటిని. ఆయనను చంపబోయినది శత్రువు కాదు, మృగము కాదు, చలియు కాదు. చలినుండి కాపాడుటకై తెచ్చుకొన్న పొయ్యియే.

రిచర్డ్ ఈవెలిన్ బర్డు 1888వ సంవత్సరము అక్టోబరు 25వ తేదిన అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున వించెస్టరు పట్టణమందు జన్మించెను. అన్నదమ్ములు మువ్వురు. ఆయన యన్న హారీ తరువాతి కాలమున ఆ రాష్ట్రమునకు గవర్నరయ్యెను. పండ్రెండు పదుమూడేండ్ల ప్రాయముననే రిచర్డు తల్లిదండ్రులను విడిచి ఓడయెక్కి ఫిలిప్పీను దీవులకేగి, భూమిని చుట్టి యిల్లు చేరెను. 1912లో నౌకాదళ విద్యాలయమున పట్టము పొందెను. వ్యాయామమున కాలి మడమ విరిగినందున ఓడలమీది కొలువు ఆయనకు సాగలేదు. 1916లో విశ్రాంతి యిచ్చి పంపిరి. అంతటితో ఇంట కూరుచుండునని తలచినవారు పొరబడిరి. ఓడ లేకున్న విమానము కలదని ఆయన ఆకాశమార్గము పట్టెను.

1926 మే 9వ తేదిన ఫ్లాయిడ్ బెన్నెట్టను సహచరునితో విమానమున ఉత్తరధ్రువమును చేరి వచ్చితినని ఆయన ప్రకటించెను. లోకము జేజేలు పలికినది. కాని ఆ దూరమును ఆ కాలవ్యవధిలో పోయి వచ్చుట సాధ్యమా యని కొందరు సంశయించిరి. 1996లో బయటపడిన ఆయన దినచర్య పుస్తకమున, సూర్యుని ఎత్తును గుర్తించిన అంకెలు కొన్ని చెరిపివేయబడి యుండెను. చిట్టాలో చెరిపివేత కనబడినచోట లెక్కగాని కన్ను నిలువక మానదు. ఆ వివాదము నేటికిని తీరలేదు. దానిని దాచి ఆయనను పొగడుట నాకు సమ్మతము కాదు. దక్షిణధ్రువము విషయమున మాత్రము వివాదము లేదు. 1929 నవంబరు చివర బెర్న్ట్ బాల్కెన్ విమానము నడుపగా, బర్డు తక్కిన యిద్దరితో కూడి ఆ ధ్రువముపై ఎగిరి వచ్చెను. ఆ సంవత్సరముననే ఆయనకు రియర్ అడ్మిరల్ పదవి లభించినది.

ఇక అసలు కథ. 1933లో ఆయన రెండవమారు దక్షిణధ్రువ ఖండమునకు పెద్ద పరివారముతో పోయెను. రాస్ మంచుపలకమీద, సముద్రపు టంచున, లిటిల్ అమెరికా యను మకాము వెలసినది. ఖండపు లోపలిభాగమున శీతకాలపు వాతావరణ మెట్లుండునో అంతవరకు ఎవ్వరును కొలిచి చూడలేదు. అందుకై మకామునకు దక్షిణముగా సుమారు 123 మైళ్ల దూరమున ఒక చిన్న పరిశీలనాశాల నెలకొల్పదలచిరి. ముగ్గురు మనుష్యులుండవలెనని మొదటి యాలోచన. సామగ్రి చేరవేయుటకు కాలము చాలలేదు. ఇద్దరినుంచినచో ఆ యిరుకున ఒకరి మొగము నొకరు చూచి విసిగి వైరులగుదురని బర్డు భయపడెను. కడకు తానొక్కడే యుండ నిశ్చయించెను. నాయకుడు పరివారమును విడిచి ఇట్లు ఒంటిగా పోదగునా యని నాడును అడిగినవారు కలరు. అడుగదగిన ప్రశ్నయే యని నాకును తోచుచున్నది.

ఆ యిల్లు చెక్కలతో ముందుగా చేసి తెచ్చినది. తొమ్మిదడుగుల వెడల్పు, పదుమూడడుగుల పొడవు. మన పల్లెలో ఎడ్లబండి నిలుపు కొట్టమైనను ఇంతకంటె విశాలముగా నుండును. గాలివానలు కొట్టుకొని పోకుండ మంచులో గోయి త్రవ్వి, కప్పుదాక దానిని పాతిరి. పైకి వచ్చుటకు కప్పులో తలుపు. ప్రక్కల మంచులో సొరంగములు తొలిచి తిండి, చమురు నిలువచేసిరి. 1934 మార్చి 28వ తేదిన తోడివారు ట్రాక్టరులపై మరలిపోయిరి. ఏప్రిలులో సూర్యుడు క్రుంకెను. మరల ఉదయించుట ఆగస్టులోనే.

వెలుపల చలి సున్నకు దిగువ 70 డిగ్రీల ఫారన్‌హీటు వరకు దిగుచుండెను. లోపల వేడికి ఒక చిన్న పొయ్యి. అది మొదట బొగ్గునకై చేసినది, చమురు మండునట్లు మార్చిరి. పొగగొట్టము కీళ్లు సరిగా అతుకలేదు. గాలి వచ్చుటకును పోవుటకును వేరే గొట్టములు కలవుగాని, లోపలి ఆవిరి పైకిపోవుచు గడ్డకట్టి వాటి నోళ్లను మూసివేయుచుండెను. రేడియోకు విద్యుత్తు నిచ్చు పెట్రోలు ఇంజను సొరంగములో నుండెను. దాని పొగకును ఒక గొట్టము, దానికిని మంచు బెడద.

ఇచట చదువరులొక సంగతి గ్రహింపవలెను. ఏ వస్తువైనను చాలినంత గాలితో మండిన యెడల పుట్టునది బొగ్గుపులుసు వాయువు. గాలి చాలక అరకొరగా మండినచో దానితోబాటు కార్బన్ మోనాక్సైడు అను వేరొక వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, కంట మంట లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోయు ఎఱ్ఱని పదార్థమునకు అది ప్రాణవాయువుకంటె ఇన్నూరు రెట్లకు మించిన బలముతో అంటుకొనును. ఊపిరి ఆడుచునే యుండును, నెత్తురు మాత్రము వట్టిచేతులతో తిరుగును. తలనొప్పి, కన్ను తిరుగుట, వికారము, కాళ్లలో సత్తువ లేకుండుట దాని లక్షణములు. అన్నిటికంటె మోసకరమైనది బుద్ధి మందగించుట. లేచి తలుపు తీయవలెనన్న తెలివియే ముందుగా పోవును.

నూతిలోనో జొన్నపాతరలోనో దిగుటకు ముందు మనవారు దీపము దించి చూతురు. మంచి యాచారమే. దీప మారినచో అచట ప్రాణవాయువు లేదని తెలియును. కాని యీ రెండవ విషము పట్ల ఆ పరీక్ష పనికిరాదు. దీపము చక్కగా వెలుగుచుండగనే మనిషి కూలిపోవును. ఈ సంగతిని ఎఱిగియే హాల్డేన్ అను స్కాట్లండు శాస్త్రజ్ఞుడు, ఆ వాయువును తానే పీల్చి పరీక్షించి, గనులలోనికి చిన్న పిట్టలను పంజరములలో తీసికొనిపొమ్మని చెప్పెను. మనిషికంటె పిట్ట ముందుగా సోలును. బర్డు కడ పిట్ట లేదు.

మే నెల గడచుకొలది ఆయనకు తలనొప్పులు, కండ్లమంట, దిగులు మొదలయ్యెను. ఒంటరితనముచేత కాబోలుననుకొనెను. మే 31వ తేదిన లిటిల్ అమెరికాతో రేడియోలో మాటాడుచుండగా ఇంజను తప్పుచు మ్రోగినది. సరిచేయుటకు సొరంగములోనికి పోయి అచటనే పడిపోయెను. తెలివి వచ్చిన పిదప ప్రాకుచు వచ్చి, సంకేతములతో సంభాషణను ఎట్లో ముగించి, మరల ప్రాకుచు పోయి ఇంజనును ఆపెను. అంతట గాని తన్ను పట్టినది రోగము కాదని, విషవాయువని ఆయనకు దృఢపడలేదు.

పొయ్యి ఆర్పినచో చలికి చచ్చును, ఆర్పకున్నచో వాయువునకు చచ్చును. ఈ రెంటి నడుమ ఆయన లెక్క వేసికొనెను. దినమునకు ఇన్ని గంటలే పొయ్యి మండవలెను, తక్కినకాలము నిద్రసంచిలో ముడుచుకొని యుండవలెను. గొట్టములలోని మంచును గీకి తీయవలెను. గోడలపై మంచు పేరుకొని నానాటికి పైకి ప్రాకెను. తినిన యన్నము కడుపున నిలువలేదు. అట్టి స్థితిలోను పైకెక్కి ఉష్ణమానములు చూచి అంకెలు వ్రాయుట మానలేదు. ధ్రువపు టంకెలు ఎట్లున్నను, ఈ యంకెలకు నేను నమస్కరింతును.

తన కష్టమును మాత్రము రేడియోలో చెప్పలేదు. చెప్పినచో ఆ చీకటిలో తోడివారు బయలుదేరుదురని, అగాధమైన మంచుచీలికలలో పడి చత్తురని ఆయన వెరపు. జూలైలో ఇంజను చెడిపోగా చేతితో త్రిప్పు చిన్న యంత్రముతో వార్తలంపెను. ఒక చేత త్రిప్పుట, వేరొక చేత సంకేతము నొక్కుట. ఒక్కొక్క వార్తకు ఆయన ఒడలు విరిగిపోయెడిది. కాని దాచినది దాగలేదు. వచ్చెడి మాటలు తడబడుచుండుట చూచి, అచటి శాస్త్రజ్ఞులలో ముఖ్యుడైన పౌల్టరు సందేహించెను. ఉల్కలను పరిశీలించు నెపమున ముందుగానే వత్తుమని వార్త పంపి, ట్రాక్టరుతో బయలుదేరెను. ఉభయులును ఒకరికొకరు నిజము చెప్పక, ఒకరి నొకరు కాపాడజూచిరి. చీకటిలో దారిజెండాలు మంచున పూడిపోగా వారు వెనుకకు మరలవలసి వచ్చెను. బర్డు చమురు మండించియు, గాలిపటపు తోకకు నిప్పంటించి ఎగురవేసియు దారి చూపజూచెను. తుదకు ఆగస్టు రెండవ వారమున పౌల్టరు, డెమాస్, వెయిట్ అను మువ్వురు ఆ గోతి తలుపు చేరిరి. ఆయన వారిని లోనికి పిలిచి వేడి పులుసు త్రాగుడనెను. అంత చిక్కి శల్యమైన మనుష్యుని వారంతకు ముందు చూచి యెరుగరు. ప్రయాణమునకు తగిన బలము లేనందున మరి రెండు నెలలు నలువురును ఆ తొమ్మిదడుగుల యింటనే గడపిరి. అక్టోబరు నడుమ విమానము వచ్చి ఆయనను కొనిపోయెను.

మన యూరికిని మంచుఖండమునకును సంబంధమేమని యొకరైన అడుగుదురు. నా బాల్యమున ముసురుపట్టిన యొకరాత్రి, బాలింత గదిలో నిప్పులకుంపటి పెట్టి, చలిగాలి సోకునని తలుపులు బిగించిరి. తెల్లవారుసరికి తల్లియు, తోడు పరుండిన ముసలమ్మయు తల యెత్తలేకపోయిరి. బిడ్డ సోలిపోయెను. దిష్టి యని యొకరు, గాలి యని యొకరు. మా మేనత్త తలుపు తీసి బిడ్డను అరుగుమీదికి తేగా కొంతసేపటికి ఏడ్చెను. గాలి యన్నవారు సగము నిజమే చెప్పిరని నాకు ముప్పదియేండ్లకు గాని తెలియలేదు. కనకనలాడు నిప్పులలో పొగ లేదు గదా యని మనము ధైర్యపడుదుము. పొగలేని బొగ్గులే మిక్కిలి ప్రమాదము. కుంపటిని మూసిన గదిలో నుంచి నిదురింపరాదు. దుకాణపు లోపల జనరేటరు నడుపరాదు. చలిదేశములకు పోయిన మన పిల్లలు కొందరు చక్రములమీది చిన్న యిండ్లలో విహరింతురట. అట్టి యిరుకున పొయ్యి వెలిగించువారికి క్రింద గాలి వచ్చుదారి, పైన పోవుదారి, పొగ వెలుపలికి పోవు బిగువైన గొట్టము, నిద్రకు ముందు ఆర్పుట తప్పవు. ఆ వాయువును పసిగట్టి మ్రోగు చిన్న యంత్రములు నేడు అంగడిలో దొరకుచున్నవి. అవి హాల్డేన్ పిట్టలకు వారసులు.

బర్డు తన యేకాంతవాసమును గూర్చి అలోన్ అను గ్రంథమును 1938లో ప్రకటించెను. నాలుగేండ్లు వ్రాయుటకు జంకెనట, తన బలహీనతను బయటపెట్టవలసివచ్చునని. తరువాతను దక్షిణఖండమునకు పలుమారులు పోయెను. 1946–47లో వేలకొలది మనుష్యులతో పోయిన నౌకాదళ యాత్రకు ఆయన పెద్ద. 1957 మార్చి 11వ తేదిన బోస్టను నగరమున, తన యింట, నిద్రలోనే మరణించెను. ఆర్లింగ్టను శ్మశానమున సమాధి చేసిరి.