నెల్లూరును వదలని జువెట్ దొరగారు

కోవూరు నుండి దక్షిణంగా పెన్న దాటితే నెల్లూరు, ఉత్తరంగా సాగిపోతే ఒంగోలు. తెలుగు బాప్తిస్టు సంఘ చరిత్రలో పెద్ద భాగం ఈ రెండు ఊళ్ల మధ్యనే జరిగింది. అయితే ఆ చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడు మనం ఎప్పుడూ ఒంగోలు క్లౌ దొరగారితోనే మొదలుపెడతాం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారన్న సంగతి మన సంఘాల్లో తెలియనివారు అరుదు. ఈ వారం మేము క్లౌ గారికంటే ముందు వచ్చిన లైమన్ జువెట్ దొరగారిని తలచుకోదలిచాము.

ఆయన 1813లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టారు. 1849లో నెల్లూరు చేరారు. డే దొరగారు 1840లోనే అక్కడ పని ప్రారంభించినా, ఫలితం చాలా స్వల్పం. బర్మాలో వేలమంది సంఘంలో చేరుతుంటే నెల్లూరు మీద డబ్బు ఎందుకు ఖర్చుపెట్టాలని మిషన్ పెద్దలు ఆలోచనలో పడ్డారు. వారిని తప్పుపట్టలేము. లెక్క చూసేవారెవరైనా అదే అడుగుతారు. 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన సభలో నెల్లూరును మూసేయాలా అన్న చర్చ వచ్చింది. మిషన్ పటంలో ఒంటరి నక్షత్రంలా కనబడిన ఈ ఊరి మీద ఎస్.ఎఫ్. స్మిత్ గారు రాసిన పద్యం సభ మనసు మార్చింది.

అటు ఆ చర్చ ముగిసిన కొద్ది నెలలకే, 1854 జనవరి 1న తెల్లవారుజామున జువెట్ దంపతులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కారు. వారితో జూలియా, రూతు, క్రిస్టియన్ నరసు అనే ముగ్గురు తెలుగు విశ్వాసులున్నారు. దొరల పేర్లు గుర్తుంచుకున్నంతగా ఈ ముగ్గురి పేర్లు మనం గుర్తుంచుకోలేదు. ఆ ఐదుగురూ ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అంటారు.

వెంటనే ఎవరూ రాలేదు. పైగా 1862లో మిషన్ మూసివేత మాట మళ్లీ లేచింది. అప్పటికి జువెట్ గారు ఆరోగ్యం చెడి స్వదేశంలో ఉన్నారు. మీరు పంపకపోయినా నేను వెళ్తానన్న భావం ఆయన పెద్దలకు స్పష్టం చేశారు. వారు తగ్గి, ఆయనకు తోడుగా జాన్ క్లౌ అనే యువకుణ్ణి ఇచ్చారు. 1865లో ఇద్దరూ నెల్లూరు చేరారు. మరుసటి ఏడు వారు ఒంగోలు వెళ్లినప్పుడు యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య బాప్తిస్మం పొందారు. ఆ తర్వాత పల్లెపల్లెకూ సువార్త మోసినది ఎక్కువగా పేరయ్య వంటి మాదిగ సోదరులే. క్లౌ గారు ఒంగోలులో స్థిరపడ్డారు, జువెట్ గారు నెల్లూరులోనే ఉండిపోయారు. తెలుగు క్రొత్త నిబంధన సవరణ పనిలోనూ ఆయన చేయి ఉంది.

గుండ్లకమ్మ ఒడ్డున జనం బారులు తీరిన అదే 1878లో ఆయన వయసు 65. ఆ ఏడే ఆయన మద్రాసు చేరి, అక్కడి తెలుగువారి మధ్య పనిని మొదటి నుండి ప్రారంభించారు.