పొడుగు మాటలను విడదీసి చూపిన పంతులు: నోవా వెబ్‌స్టర్



ఇంగ్లిష్ డిక్షనరీ అనగానే గుర్తొచ్చే పేరు వెబ్‌స్టర్. ఆయన 1758లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక రైతు ఇంట పుట్టాడు. కొడుకును యేల్ కాలేజీలో చదివించడానికి తండ్రి పొలం తాకట్టు పెట్టాడు. 1778లో చదువు పూర్తయ్యాక ఎనిమిది డాలర్ల నోటు చేతిలో పెట్టి, ఇక నీ బతుకు నువ్వే చూసుకోమన్నాడు.

లా చదివినా ప్రాక్టీసు దొరకలేదు. వెబ్‌స్టర్ బడిపంతులయ్యాడు. అప్పటి పిల్లలు చదివేది ఇంగ్లండు నుంచి వచ్చిన డిల్‌వర్త్ వాచకం. అందులో మాటలను విరిచిన తీరుకూ, వాటిని పలికే తీరుకూ పొంతన ఉండేది కాదు. క్లస్టర్‌ను 'క్లు-స్టర్' అని విరిస్తే పిల్లవాడు 'క్లూ' అనే చదువుతాడు. నేషన్‌ను మూడు ముక్కలు చేసేవారు.

1783లో వెబ్‌స్టర్ సొంతంగా స్పెల్లింగ్ పుస్తకం అచ్చువేయించాడు. పలికినట్టే విరిచాడు: క్లస్-టర్, నే-షన్. మాటలను సిలబుల్స్ లెక్కన, ఏ సిలబుల్‌ను నొక్కి పలకాలో దాని ప్రకారం పట్టికలుగా పేర్చాడు. చిన్న మాటలతో మొదలుపెట్టిన పిల్లలు మెట్టు మెట్టుగా పొడుగు మాటలకు చేరేవారు. నీలి అట్టతో వచ్చిన ఆ పుస్తకం కోట్లలో అమ్ముడైంది.

తర్వాత పాతికేళ్లకు పైగా శ్రమించి, 1828లో డెబ్బై వేల మాటలతో డిక్షనరీ తెచ్చాడు. అది పెద్దగా అమ్ముడుపోలేదు. రెండో కూర్పు కోసం ఈసారి ఆయనే ఇల్లు తాకట్టు పెట్టాడు. అప్పులతోనే 1843లో కన్నుమూశాడు. ఆయన పేరుతో డిక్షనరీలు ఇప్పటికీ వస్తున్నాయి.

ఆయన పద్ధతి మన పిల్లలకూ అవసరమే. తెలుగులో ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు ఒకే బరువుతో పలుకుతాం. ఇంగ్లిష్‌లో అలా కుదరదు. 'ఫోటోగ్రాఫ్'లో మొదటి సిలబుల్‌ను, 'ఫొటాగ్రఫీ'లో రెండోదాన్ని, 'ఫోటోగ్రాఫిక్'లో మూడోదాన్ని నొక్కి పలకాలి. చాలా డిక్షనరీల్లో నొక్కి పలకాల్సిన సిలబుల్‌కు ముందు చిన్న నిలువు గీత ఉంటుంది.

ఈ నెల రోజుకో పొడుగు మాట తీసుకోండి. చప్పట్లతో సిలబుల్స్ లెక్కపెట్టించండి. నొక్కే చోట పెన్సిల్‌తో గీత పెట్టించండి. తప్పు పలికితే కోప్పడకుండా, ఇద్దరూ కలిసి డిక్షనరీ తెరవండి.